కొండ ముందున్నది: పావగడ సీమనుండి విమానపు పటము వరకు

పావగడ తాలూకాలోని తిరుమణి గ్రామము పేరు ఒకప్పుడు చుట్టుప్రక్కల నాలుగు ఊళ్లవారికి తప్ప ఇతరులకు అంతగా తెలియదు. చాలీచాలని వానలు, వేరుశనగ చేలు, ఎండిన చెరువులు, నడుమ నడుమ తలలెత్తిన రాతిగుట్టలు; ఇదియే ఆ సీమ స్వరూపము. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభోత్సవము జరిగి, 2019 చివరకు పూర్తియైన సౌరవిద్యుత్ క్షేత్రము మూలమున ఆ పేరు దేశమంతట వినవచ్చినది. తిరుమణి, బాలసముద్రము, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అను ఐదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల నేలమీద 2,050 మెగావాట్ల శక్తిగల సౌరఫలకములు పరచబడినవి. రైతులు తమ నేలను అమ్ముకొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చిరి.

ఆకాశమునుండి చూచువారికి ఆ క్షేత్రము ఒక పెద్ద నీలపు చెరువువలె తోచును. మబ్బులేని పగటివేళ వైమానికునకు అంతకంటె మంచి గుర్తు లేదు. కాని రాత్రివేళ, లేక మబ్బు క్రమ్మినవేళ, ఆ నీలపు చెరువు కనబడదు; దాని ప్రక్కనున్న గుట్టయు కనబడదు. అట్టివేళ వైమానికుని ఎదుట అరచేతి పాటి తెరమీద ఒక పటము వెలుగుచుండును. ముందున్న కొండ విమానమునకు ఎంత దూరమున, ఎంత ఎత్తున నున్నదో ఆ తెర రంగులతో చెప్పును. అపాయము దగ్గరపడినచో నోరు విప్పి హెచ్చరించును.

ఆ పటము ఎట్లు పుట్టినది? దానిని ఎట్లు చదువవలయును? ఎంతవరకు నమ్మవలయును? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింతము. ఇది విదేశీయుల యంత్రముల కథ మాత్రమే యని పాఠకులు తలపరాదు. ఈ కథలో ఒక తొలి అధ్యాయము మన సీమలోనే, కొంతవరకు మన తెలుగువారి కాలినడకతోనే, వ్రాయబడినది. ఈ కథలో మిక్కిలి బాధాకరమైన ఒక అధ్యాయము కూడ మన తెలుగునేలమీదనే జరిగినది.

కొండమీదినుండి చూచిన కాలము

పావగడ తాలూకా కర్ణాటక రాష్ట్రములోనిదైనను, మూడు వైపులను ఆంధ్రప్రదేశము దానిని చుట్టియున్నది. ఉత్తరమున అనంతపురము జిల్లా, తూర్పు దక్షిణములందు 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా. ఇక్కడ ఇంటి మాట తెలుగు, కచేరి మాట కన్నడము, సంతలో రెండును. పావగడ అను పేరు ‘పాముకొండ’ నుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. తాలూకాలోని నిడుగల్లు దుర్గమునుండి ఒకప్పుడు చోళవంశపు శాఖవారు రాజ్యమేలిరి. కరికాల చోళుడు తమ మూలపురుషుడని వారు శాసనములలో చెప్పుకొనిరి. నేడు మడకశిర ప్రాంతములోనున్న హేమావతి, ప్రాచీన నామమున హెంజేరు, వారికిని వారికి ముందు నొలంబ పల్లవులకును ముఖ్యపట్టణము. అనగా నేడు రాష్ట్రముల ఎల్ల గీచిన చోట ఒకప్పుడు ఎల్ల లేదు.

ఆ దినములలో కొండ రక్షకుడు. కొండనెక్కినవాడు శత్రువు దుమ్మును దూరమునుండియే చూచును. పాలెగాండ్రు కొండలమీద కోటలు కట్టుకొన్నది అందుకే. కొండకు పటము అక్కరలేదు, కొండయే పటము. బాటసారి ఒక శిఖరమును ఎడమను, వేరొక శిఖరమును కుడిని ఉంచుకొని దారి తెలిసికొనెడివాడు. మన భాషలో కొండ, గుట్ట, తిప్ప, మిట్ట, దుర్గము అని ఇన్ని మాటలుండుట ఊరక కాదు. ఎత్తును, వాలును కంటితో కొలిచి పేరు పెట్టినవారు మన పూర్వులు.

గొలుసులు, కోణములు

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట మైసూరు రాజ్యమును కొలిచి పటము గీయవలసిన పని కర్నల్ కాలిన్ మెకంజీకి వచ్చినది. ఆయన సర్వే దాదాపు పది సంవత్సరములు నడచెను. సుమారు 40,000 చదరపు మైళ్ల నేల అందు కొలతకు వచ్చెను. పావగడ సీమ మైసూరు రాజ్యమున చేరియుండుటచే అదియు ఆ పరిధిలోనిదే. మెకంజీకి ఈ దేశభాషలు రావు. ఆయనకు కన్నులుగా, చెవులుగా నిలిచినవారు ఏలూరు ప్రాంతమునుండి వచ్చిన కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొర్రయ్య చిన్నతనముననే మెకంజీ కొలువున చేరి, ఊరూర తిరిగి, కరణములను, పూజారులను, వృద్ధులను అడిగి స్థలనామములను, శాసనములను, కైఫీయతులను సేకరించెను. 1803లో ముప్పది ఏండ్లయినను నిండకయే ఆయన మరణించగా లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. మెకంజీ 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలై, 1821లో గతించెను.

పటమునకు గీత మాత్రమే చాలదు, పేరు కావలెను. ఏ గుట్ట పేరేమో, ఏ వాగు ఎక్కడ పుట్టినదో చెప్పగలవాడు ఆ ఊరి మనిషియే. ఆ మనిషి మాటను దొరకు అర్థమగునట్లు చెప్పినవాడు తెలుగు దుబాసి. విమానపు తెరమీద నేడు మెరయు స్థలనామముల వెనుక ఇట్టివారి శ్రమ నిలిచియున్నది.

అదే కాలమున విలియం లాంబ్టన్ అను మరియొక సర్వే అధికారి బెంగుళూరు దగ్గర 1800లో ఒక ఆధారరేఖను 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచెను. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర మరియొక రేఖను కొలిచి, అక్కడినుండి త్రిభుజములను పేర్చుకొనుచు పడమరకు వచ్చెను. ఈ పద్ధతి మన బడిపిల్లలకును తెలిసిన గణితమే. సమతలమున ఒక గీతను శ్రద్ధగా కొలిచి, దాని రెండు కొనలనుండి దూరపు శిఖరమును చూచి కోణములు కొలిచినచో, అచ్చటికి నడవకయే ఆ శిఖరపు దూరము లెక్కకు వచ్చును; నిలువు కోణము కొలిచినచో దాని ఎత్తును తెలియును. ఆ శిఖరమునుండి మరియొక శిఖరము, దానినుండి ఇంకొకటి. మద్రాసునుండి ఇట్లు లెక్కకట్టుకొనుచు వచ్చి 1804లో బెంగుళూరు దగ్గర గొలుసుతో మరల కొలిచి చూడగా, ఏడు మైళ్లకు పైబడిన రేఖలో లెక్కకును కొలతకును భేదము నాలుగు అంగుళములకు లోపలనే యుండెను.

ఆయన వాడిన థియోడొలైటు యంత్రము అర టన్ను బరువు. దానిని కొండలమీదికి, గుడిగోపురములమీదికి ఎక్కించినవారు పేరు లేని ఖలాసీలు. 1818లో ఈ పనికి మహాత్రికోణమితీయ సర్వే అని పేరు వచ్చెను. ఆ సంవత్సరమే హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర చేరిన జార్జి ఎవరెస్టు మొదట పనిచేసినది కృష్ణా గోదావరుల నడిమి తెలుగు అడవులలో. అచ్చటి జ్వరము ఆయనను, ఆయన పరివారమును మంచమెక్కించెను. లాంబ్టన్ 1823లో పని నడుమనే హింగణ్‌ఘాట్ దగ్గర కన్నుమూసెను. పిమ్మట ఈ త్రిభుజముల చట్రముమీదనే సర్వే శాఖవారు సమోన్నత రేఖలతో కూడిన పటములు గీచిరి. పావగడ, తిరుమణి ప్రాంతములు ఆ వరుసలో 57 ఎఫ్ అను సంఖ్యగల పటమున చేరినవి. నేల ఎత్తుపల్లములు కాగితముమీద అంకెలైనవి.

కొండ అపాయమైన నాడు

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా విమానమును నడిపెను. బొంబాయినుండి బళ్లారి మీదుగా మద్రాసుకు దానిని నడిపినవాడు నెవిల్ విన్సెంట్. అనగా మన దేశపు మొదటి క్రమబద్ధమైన తపాలా విమానములు మన సీమ గగనము మీదుగానే పోయినవి. ఆనాటి వైమానికుడు కంటితో నేలను చూచి, రైలుకట్టను, నదిని, కొండను గుర్తుపట్టి పోవలసినదే. నేల కనబడినంతవరకు కొండ స్నేహితుడు. మబ్బులో దూరిన మరుక్షణమున అదే కొండ శత్రువు.

విమానములు వేగము పుంజుకొన్నకొలది ఈ అపాయము పెరిగెను. యంత్రము చెడక, రెక్క విరుగక, చక్కగా వైమానికుని చేతిలో నడచుచున్న విమానమే తెలియక కొండను కొట్టుకొనుట విమాన చరిత్రలో మిక్కిలి పెద్ద మృత్యుకారణములలో ఒకటి. 1966 జనవరి 24న ఎయిరిండియా వారి ‘కాంచనజంగ’ విమానము జెనీవాలో దిగబోవుచు మాంట్ బ్లాంక్ పర్వతమును కొట్టుకొని 117 మంది మరణించిరి. అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఆ విమానములోనే యుండెను. శిఖరమును దాటితిమని వైమానికుడు భావించెను, నిజమునకు దాటలేదు. ఆ కొన్ని మైళ్ల పొరపాటునకు మన దేశము చెల్లించిన మూల్యము ఇంతింత యని చెప్పరాదు. 1991 ఆగస్టు 16న ఇంఫాల్ దగ్గర ఇండియన్ ఎయిర్‌లైన్సు విమానము ఇట్లే కొండను కొట్టుకొనగా 69 మంది పోయిరి.

దీనికి విరుగుడు వెదకినవారిలో ముఖ్యుడు కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన డాన్ బేట్‌మన్ అను ఇంజనీరు. విమానమునుండి నేలకు రేడియో తరంగము పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి నేల ఎంత వేగముగా దగ్గరకు వచ్చుచున్నదో తెలిసికొని కేక వేయు యంత్రమును ఆయన కూర్చెను. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపమున ఒక విమానము కొండను కొట్టుకొని 92 మంది మరణించిన పిమ్మట అమెరికా ప్రభుత్వము పెద్ద విమానములలో దీనిని తప్పనిసరి చేసెను. కాని ఈ యంత్రము క్రిందికి మాత్రమే చూచును, ముందునకు చూడదు. నిట్టనిలువుగా లేచిన కొండ ఎదురైనచో అది కేక వేయునప్పటికే కాలము మించిపోవును.

ఆ లోటు ఎంతటిదో 1995 డిసెంబరు 20న కొలంబియా దేశములోని కాలీ పట్టణము దగ్గర బయటపడెను. దిగు తొందరలో వైమానికులు ‘రోజో’ అను రేడియో కేంద్రమునకై తమ కంప్యూటరులో ‘ఆర్’ అను అక్షరమును నొక్కిరి. కంప్యూటరు ఆ అక్షరముతో ‘రోమియో’ అను వేరొక కేంద్రమును ఎన్నుకొని, విమానమును చీకటిలో కొండలవైపు త్రిప్పెను. హెచ్చరిక వినవచ్చిన పండ్రెండు పదమూడు సెకనులలో అంతయు ముగిసినది. విమానములోని 163 మందిలో నలుగురు మాత్రమే బ్రదికిరి. తమ కొలువులో కావలి బొర్రయ్య వంటి దుబాసి లేకపోయినచో పేరు ఎట్లు తారుమారగునో, ఆ తారుమారు ఎంత పని చేయునో దీనిచే తెలియుచున్నది.

నేలనంతయు ముందుగానే యంత్రమున నిక్షేపించి, విమానము ఎక్కడ నున్నదో ఉపగ్రహములచే తెలిసికొని, రెంటిని పోల్చి ముందునకు చూడవలయునని బేట్‌మన్ బృందము అంతకు ముందే నిశ్చయించుకొని యుండెను. దానికి లోకమంతటి కొండల ఎత్తులు కావలెను. సోవియట్ రాజ్యము చెదరిన పిమ్మట ఆ దేశపు సైనిక పటములను వారు కొని తెచ్చుకొనిరి. 1996లో ఈ క్రొత్త యంత్రమునకు అనుమతి లభించెను. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అను అంతరిక్షనౌక పదునొకండు దినములు భూమిని చుట్టి, రాడారు తరంగములతో భూతలములో సుమారు నూటికి 80 వంతుల ఎత్తులను కొలిచెను. లాంబ్టన్ కొండ కొండకు అర టన్ను యంత్రమును మోయించి, సంవత్సరములు పట్టి చేసిన పనికి ఇది మునిమనుమని వంటిది. ఆ సంవత్సరమే మే నెలలో అమెరికా ప్రభుత్వము జీపీయస్ సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన కలుషమును తొలగింపగా, సామాన్యులకును స్థానము మరింత స్పష్టముగా తెలియసాగెను.

తెరమీది రంగులు

పెద్ద విమానములకు మాత్రమే దొరకిన ఈ సౌకర్యము క్రమముగా నలుగురు కూర్చుండు చిన్న విమానములకును వచ్చినది. 1998లో గార్మిన్ సంస్థవారు వెలువరించిన జీఎన్ఎస్ 430, 2011లో వెలువరించిన జీటీఎన్ 750 అను నావిగేటరులు ఇందుకు ప్రసిద్ధములు. బెంగుళూరు జక్కూరునుండి ఒక చిన్న విమానము ఉత్తరముగా బయలుదేరి, తిరుమణి మీదుగా పోయి, 1990లో ఏర్పడిన పుట్టపర్తి విమానాశ్రయమున దిగవలయుననుకొందము. దారిలో గుట్టలు లేని చోటు అరుదు.

ఇంజను మొదలుపెట్టగనే వైమానికుడు తెరమీది తేదీలను చూడవలయును. విమానమార్గముల సమాచారము 28 దినములకొకసారి, స్తంభములు, గోపురములు మొదలగు అడ్డంకుల సమాచారము 56 దినములకొకసారి మారును. కొండలు కదలవు గనుక నేల సమాచారమును మార్చవలసిన అవసరము అరుదు. పిమ్మట యంత్రమునకు ఉపగ్రహములు సరిగా అందుచున్నవా యని చూడవలయును. కనీసము నాలుగు ఉపగ్రహములు అందనిచో ఎత్తు తెలియదు. ఎత్తు తెలియనిచో నేల హెచ్చరిక పనిచేయదు. పటము ఉత్తరము పైకి ఉండునట్లు పెట్టుకొన్నాడా, పోవు దిక్కు పైకి ఉండునట్లు పెట్టుకొన్నాడా అనుటయు ముందే తెలిసికొనవలయును. తొందరలో ఈ రెంటిని తారుమారు చేసికొనినవాడు కుడికి బదులు ఎడమకు తిరుగగలడు.

ఎగిరిన పిమ్మట రంగుల భాష మొదలగును. ఒక కొండ సముద్రమట్టమునకు 3,000 అడుగుల ఎత్తున నున్నదనుకొందము. విమానము 4,500 అడుగుల ఎత్తున నున్నచో ఆ కొండ తెరమీద నల్లగా, అనగా నిరపాయముగా, కనబడును. విమానము 3,500 అడుగులకు దిగినచో అదే కొండ పసుపుపచ్చగా మారును. కొండకును విమానమునకును భేదము 1,000 అడుగులకు తగ్గినదని అర్థము. 3,050 అడుగులకు దిగినచో ఎర్రనగును. భేదము 100 అడుగులకు లోపల నున్నదని, లేదా కొండయే విమానమునకంటె ఎత్తున నున్నదని అర్థము. కొండ మారలేదు, మన ఎత్తు మారినది. ఈ రంగులు కొండ గుణము కాదు, కొండకును మనకును గల సంబంధము.

రంగులతోపాటు యంత్రము పోవు దిక్కును, వేగమును లెక్కకట్టి ముందునకు చూచును. ఇట్లే పోయినచో కొంతసేపటికి నేల తగులునని తోచినచో మొదట మెత్తగా హెచ్చరించును. అపాయము సమీపించినచో ‘టెరైన్, పుల్ అప్’ అని గట్టిగా పలుకును. మబ్బులో గాని, చీకటిలో గాని ఆ మాట విన్నవాడు నిజమా అబద్ధమా యని పటమును పరిశీలించుచు కూర్చుండరాదు. రెక్కలను సమము చేసి, ఇంజనుకు పూర్తి బలమిచ్చి, ముక్కు పైకెత్తి, హెచ్చరిక ఆగువరకు పైకి పోవలయును. పరిశీలన తరువాత. కొండ ముందున్నదని తెలిసిన పిమ్మట దాని పేరు అడుగరాదు.

ఈ విద్యలో మన దేశమునకును భాగము కలదు. ఇస్రో, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన ‘గగన్’ వ్యవస్థ జీపీయస్ సంకేతములలోని దోషములను సరిదిద్ది జీశాట్ ఉపగ్రహముల ద్వారా విమానములకు పంపును. దాని ముఖ్య నియంత్రణ కేంద్రము బెంగుళూరులో నున్నది. 2013 డిసెంబరు 30న దానికి మొదటి ధ్రువీకరణము లభించెను. 2022 ఏప్రిల్ 28న రాజస్థానములోని కిషన్‌గఢ్‌లో ఇండిగో వారి ఏటీఆర్ విమానము దాని ఆధారమున దిగెను. లాంబ్టన్ గొలుసు పరచిన ఊరినుండియే నేడు ఆకాశమునకు కొలతలు పోవుచున్నవి.

తెర చెప్పలేనిది

ఇంతటి యంత్రమునకును ఎల్లలు కలవు. మొదటిది, ఇది సలహాదారు మాత్రమే. దీనిని చూచి కొండల సందున దారి వెదకుకొనరాదని తయారుచేసినవారే వ్రాసియున్నారు. రెండవది, యంత్రము ఉపగ్రహములవలన తెలిసిన ఎత్తును వాడును. వైమానికుడు ఎత్తు చూచుకొను ముల్లు గాలి ఒత్తిడినిబట్టి తిరుగును. ఈ రెంటికి వందలకొలది అడుగుల భేదముండవచ్చును. మూడవది, క్రొత్తగా లేచిన స్తంభము తెరమీద లేకపోవచ్చును. తిరుమణి సౌరక్షేత్రమునే చూడుడు. కొలది సంవత్సరములలోనే అక్కడ విద్యుత్ ఉపకేంద్రములు, వానినుండి నలుదిక్కులకు పోవు స్తంభములు, తీగలు లేచినవి. ప్రాత సమాచారముతో ఎగురువానికి అవి లేనట్లే. నాలుగవది, వైమానికుడు హెచ్చరికను తానే నొక్కి ఆపవచ్చును. చిన్న విమానాశ్రయము యంత్రమునకు తెలియనిదైనచో దిగునప్పుడెల్ల అది వృథాగా అరచును; దానిని ఆపి, మరల తెరువ మరచిపోయినవాడు తన కావలివానిని తానే నిద్రపుచ్చినవాడు.

ఐదవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు గాలి. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి హైదరాబాదు బేగంపేటనుండి బెల్ 430 హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరెను. నల్లమల మీద దట్టమైన మబ్బులు, వాన. తొమ్మిదిన్నర గంటల ప్రాంతమున సంబంధము తెగిపోయెను. పగలంతయు, రాత్రియంతయు అడవిలో వెదకిరి. మరునాడు పావురాలగుట్ట మీద శకలములు కనబడెను. ఐదుగురును మరణించిరి. ఆ రాత్రి ఎల్లకు ఈవల నున్న తెలుగు ఇండ్లలోను ఎన్నిట దీపము ఆరలేదో మనలో పెద్దలకు జ్ఞాపకమున్నది.

విచారణ సంఘము తేల్చినదేమనగా, యంత్రమునకు సంబంధించిన ఒక హెచ్చరికను గూర్చి విచారించుటలో వైమానికుల దృష్టి మరలియుండెను. ఇంతలో హెలికాప్టరు తీవ్రముగా క్రిందికి దిగు గాలిప్రవాహమున చిక్కి, అదుపు తప్పి, మహావేగముతో నేలకు పడిపోయెను. నేల పటము నేలను చూపును గాని ఆ గాలిని చూపదు. వాతావరణ రాడారు వానను చూపును గాని మబ్బులోని ప్రతి గాలి పోకడను చెప్పజాలదు. అందుచే కొండకును మనకును నడుమ ఉంచుకొనవలసిన ఎడము తెరమీద రంగు మారు గీత వరకే యని భావించువాడు పొరపడినవాడు. ఆ ఎడము మబ్బును చూచి మరలిపోగల మనస్సులో నుండవలయును.

పటము చెప్పినను వినకుండుట మరియొక దుఃఖము. 2010 మే 22న దుబాయినుండి వచ్చిన విమానము మంగళూరులో దిగబోవుచు, మిక్కిలి ఎత్తుననుండి మిక్కిలి వేగముగా దిగసాగెను. నేల హెచ్చరిక యంత్రము మరల మరల అరచెను. సహవైమానికుడును దిగక మరల పైకి పోవుదమని ఒకటికి మూడుసార్లు చెప్పెను. ప్రధాన వైమానికుడు వినలేదు. గుట్ట మీద చదును చేసిన ఆ రన్‌వే చివరను దాటి విమానము లోయలో పడి 158 మంది మరణించిరి, ఎనిమిదిమంది బయటపడిరి. అక్కడ పటము లోపము లేదు, యంత్రము లోపము లేదు. చెప్పినవాని మాటను చెవిని పెట్టని లోపము కలదు.

ఈ రెండు దుర్ఘటనలను పోల్చిచూచినచో ఒక్కటే తేలుచున్నది. మొదటిదానిలో యంత్రము చెప్పగలిగినదానికంటె అపాయము పెద్దది. రెండవదానిలో యంత్రము చెప్పినదానికంటె మనిషి మొండితనము పెద్దది. రెంటను కొండ అక్కడనే యున్నది.

ఎల్ల లేని పటము

ఈ నేల పటమున ఒక విశేషము మన మనస్సునకు తట్టక మానదు. రాష్ట్రముల పటములో పావగడ చుట్టు ఒక వంకర గీత కలదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును, 1956లో రాష్ట్రములు మరల ఏర్పడినప్పుడును ఆ గీతకు ఈవలనే మనము నిలిచిపోతిమి. మన పిల్లలు కన్నడము చదివి పెద్దలైరి. తెలుగు ఇంటిలో, పెండ్లిలో, పండుగలో నిలిచినది. ఆ గీత మనకు కొన్నిటిని ఇచ్చినది, కొన్నిటిని తీసికొన్నది. కాని వైమానికుని నేల పటమున ఆ గీతకు పని లేదు. నిడుగల్లు కొండయు, పెనుకొండయు అక్కడ ఒక్క లెక్కన నిలుచును: ఎత్తు ఎంత, దూరము ఎంత, తప్పించుకొనుటకు త్రోవ ఏది. కొండకు భాష లేదు. దానిని తెలిసికొనువానికే భాష కావలెను.

ఆ భాషను మొదట సమకూర్చినవారిలో కావలి సోదరులుండిరి. తమ ఊరికి దూరముగా, పరాయి రాజ్యమున, పరభాష నడుమ నిలిచి, ఈ కొండల పేర్లను అడిగి తెలిసికొని వ్రాసిపెట్టిన తెలుగువారు వారు. పొరుగు రాష్ట్రమున స్థిరపడిన మనకు వారి బ్రదుకు పరాయిది కాదు. మన యువకులలో నేడు జక్కూరున విమానము నేర్చువారు, బెంగుళూరున ఉపగ్రహముల కొలువులలో నుండువారు కలరు. తెరమీది నాలుగు రంగులు తమకు ఊరక దొరకినవి కావని వారు తెలిసికొనవలయును. గొలుసు లాగిన ఖలాసి, పేరు వ్రాసిన దుబాసి, జ్వరముతో పడిన సర్వేయరు, మాంట్ బ్లాంక్ మీదను, కాలీలోను, నల్లమలలోను ప్రాణములు విడిచినవారు, వీరందరును ఆ పటమునకు మూల్యము చెల్లించినవారే.

ఆ మూల్యమునకు మనము చేయగల ప్రత్యుపకారము ఒక్కటే. పటమును ముందుగా చదువుట, చెప్పిన మాటను వెంటనే వినుట, త్రోవ సరిలేనిచో సిగ్గుపడక వెనుకకు మరలుట. తిరుమణి పొలములలో మబ్బును చూచి విత్తనము మూట మరల కట్టుకొని ఇంటికి వచ్చు రైతునకు ఈ వివేకము క్రొత్త కాదు. ఆకాశమున ఎగురువానికి అది మరింత అవసరము. ఎందుకనగా రైతు మరునాడు మరల పొలమునకు పోగలడు. కొండను చూడక పోయినవానికి మరునాడు లేదు.